వచ్చే నెల

మా ప్రెస్సులో ఒక్క మాటను మాత్రం విప్పేవాళ్లం కాదు.
అచ్చయిపోగానే మాటలన్నీ విడిపోయి
ఏ అక్షరం దాని గూట్లోకి అది వెళ్లిపోయేది.
నిన్న చావు కబురులో నిలబడ్డ సీసపు ముక్కే
ఇవాళ ఆవు అమ్మకానికి పనికొచ్చేది.
"వచ్చే నెల" అన్నదాన్ని మాత్రం
పురికొసతో బిగించి గట్టు మీద ఉంచేవాడు
ఫోర్‌మన్ యాల్మరి.
రోజూ కావాల్సిందేగా, ఎన్నిసార్లని పేరుస్తావు, అనేవాడు.

కెమీ నది పక్కన మా ఊరంటే అప్పటికి
వరసగా నిలబడ్డ పొగగొట్టాలు.
ఇళ్లు కాలాయి, పొయ్యిలు మిగిలాయి.
స్వీడన్ నుంచి తిరిగొచ్చి
ఎవరి పొయ్యి ఎవరిదో వెతుక్కున్నాం.
అమ్మ మాదాన్ని పోల్చుకుంది,
రొట్టెల అర లోపల
ఎప్పుడో తను మట్టి మెత్తిన పగులు తడిమి.
దాని చుట్టూ నాలుగు గోడలు లేపాం.
కిటికీలకు చోటు వదిలాం.
అద్దమన్నదే దొరకదు ఊళ్లో.

మేకులు వచ్చే నెల.
బూట్ల కూపన్లు వచ్చే నెల.
వంతెన, వచ్చే నెల మొదలు.
బ్రెజిల్ నుంచి కాఫీ ఓడ బయల్దేరిందని వేసిన రోజు
పక్కింటి సైమి కప్పులన్నీ కడిగి బోర్లించింది.
ఓడ ఇంకా సముద్రం మీదే ఉంది.
కప్పులు మళ్లీ దుమ్ము పట్టాయి. మళ్లీ కడిగింది.

అద్దాల వార్త పేర్చింది నేనే.
రెండో పేజీ, మూడో కాలమ్, కింద.
అమ్మ రేషన్ పిండి చారెడు ఉడికించి
(ఆ రోజు గంజి పలచనైంది)
ఆ పేజీనే కిటికీకి అంటించింది.
అద్దాలొస్తాయన్న కబురే
ఆ ఏడంతా మాకు అద్దం.

పొద్దు గుంకని వేసవి.
రాత్రంతా కాగితం వెలుగుతూనే ఉండేది.
బయటివైపు అక్షరాలు లోపలికి తిరగబడి కనిపించేవి.
అమ్మకవి పిచ్చిగీతలు.
నాకు మాత్రం తిన్నగా ఉన్నట్టే,
పగలంతా సీసం మీద నేను చూసేవి అవేగా.
"ఏమంటోంది?" అనేది పక్క మీంచి.
మందుపాతరలు తీసేదాకా
ఏటి గట్టున పశువులను మేపొద్దంటోంది.
పాలపొడి సోమవారమట.
"ఇంకా?"
ఇంకేం లేదు, పడుకో.

ఇంకా ఉండేది.
తౌనో, ఇరవై రెండేళ్లు, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ,
చూసినవారు దయచేసి తెలుపగలరు.
ఇదీ నేను పేర్చిందే, ప్రతి శనివారం,
మా అన్న గురించి, లైనుకింతని డబ్బు కట్టకుండా.
మూడో వారానికి దాన్నీ విప్పడం మానేశాను.
పురికొస కట్టి సొరుగులో, గుడ్డపీలికల కింద దాచాను.
యాల్మరికి చెప్పలేదు.

అద్దాలు అక్టోబరులో దిగాయి,
గడ్డి కుక్కిన పెట్టెల్లో.
ఆ వార్తకు రెండు లైన్లు,
పోయిన చేతితొడుగు ప్రకటన కింద.
ఎవరూ కత్తిరించి దాచుకోలేదు.
అమ్మ కత్తితో కాగితం గీకింది,
తడి గుడ్డతో జిగురు తుడిచింది,
చాలాసేపు బయటికి చూసింది.
పొగగొట్టాలు, వాటికి కొత్తగా మొలిచిన గోడలు,
కంబళి దులుపుతున్న సైమి.
"అంతా కనిపిస్తోంది గానీ," అంది,
"చదవడానికేం లేదే."
పొయ్యి పక్క చిన్న కిటికీకి మాత్రం
అద్దం వేయనివ్వలేదు.

"వచ్చే నెల" అరిగిపోయింది.
చివరి అక్షరం కాగితం మీద పడటమే మానేసింది.
ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.
లేని అక్షరాన్ని కూడా చదువుకున్నారు.

వంతెన తెరిచే రోజు పేజీ నిండా అదే వార్త.
సీసం చాల్లేదు.
యాల్మరి ఆ గూడూ ఈ గూడూ వెతికి
నా సొరుగు లాగాడు.
పీలికలు ఎత్తి చూశాడు.
కళ్లజోడు తీసి తుడుచుకుని
పీలికలు ఎలా ఉన్నవి అలాగే సర్ది
సొరుగు మూసేశాడు.

"వంతెన పొడవు ఎంతో ఎవడిక్కావాలి," అన్నాడు,
"ఆ రెండు లైన్లూ తీసేయ్."